రైలు, లాంచీ, బస్సు కలిపి పాపికొండలు–భద్రాచలం ప్రయాణం: ప్రణాళికపై సలహాలు కావాలి

మాధవి_మియాపూర్ | నవంబరు 6, ఉదయం 9.40

అందరికీ నమస్కారం. డిసెంబరు రెండో శనివారం కలిసివచ్చేటట్టు మా కుటుంబమంతా రాజమండ్రి, పాపికొండలు, భద్రాచలం చూసి రావాలని అనుకుంటున్నాము. మేమిద్దరం, మా పిల్లలు ఇద్దరు, అత్తయ్యగారు, మామయ్యగారు హైదరాబాదు నుంచి బయలుదేరుతాము. మా ఆడపడుచు బెంగళూరు నుంచి విమానంలో వచ్చి రాజమండ్రిలో మాతో కలుస్తుంది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి కాబట్టి ఎక్కువసేపు నిలబడడం, మెట్లు ఎక్కడం కష్టం.

మేము వేసుకున్న ప్రణాళిక ఇది. శుక్రవారం రాత్రి సికింద్రాబాదులో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి శనివారం తెల్లవారుజామున రాజమండ్రిలో దిగుతాము. స్టేషనులోనే ముఖాలు కడుక్కుని, ఉదయం విమానంలో దిగిన ఆడపడుచును కలుపుకుని నేరుగా లాంచీ ఎక్కుతాము. పాపికొండలు చూసి సాయంత్రానికి తిరిగి వచ్చి, రాత్రి బస్సులో భద్రాచలం చేరుకుంటాము. ఆదివారం రాములవారి దర్శనం, పర్ణశాల చూసుకుని, రాత్రి కొత్తగూడెంలో మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సోమవారం ఉదయానికి ఇల్లు చేరతాము. ఇందులో ఎక్కడ ఇబ్బంది రావచ్చో, ఏ టికెట్టు ముందు తీసుకోవాలో, ఏది ఆఖరున తీసుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

కోటగుమ్మం | నవంబరు 6, ఉదయం 11.15

మాధవిగారూ, నేను రాజమండ్రిలోనే ఉంటాను కాబట్టి ముందుగా రేవు సంగతి చెబుతాను. లాంచీ ఎక్కేది రాజమండ్రి ఊళ్లో కాదు. పోలవరం పనుల వల్ల, ముఖ్యంగా 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే వైపు మళ్లించిన తరువాత, కింది నుంచి వచ్చే పడవలు ఆనకట్టను దాటి పైకి వెళ్లే వీలు లేకుండా పోయింది. అందుచేత ఇప్పుడు ఆనకట్టకు ఎగువన ఉన్న గండిపోచమ్మ అమ్మవారి గుడి దగ్గర ఎక్కాలి. రాజమండ్రి నుంచి అక్కడికి రోడ్డు మీద సుమారు 45 కిలోమీటర్లు ఉంటుంది, గంటకు పైగా పడుతుంది. పాత వ్యాసాలలో పట్టిసీమ, పురుషోత్తపట్నం రేవుల పేర్లు ఇంకా కనబడుతుంటాయి కాబట్టి టికెట్టు తీసుకునేటప్పుడు ఎక్కే చోటు ఏదో అడిగి రూఢి చేసుకోండి.

రెండో సంగతి సమయం. లాంచీ ఉదయం పూట ఒకసారి బయలుదేరుతుంది. రేవు దగ్గర కంట్రోల్ రూమువారు ప్రయాణికుల జాబితా, గుర్తింపు కార్డులు, నది పరిస్థితి చూసి అనుమతి ఇచ్చాక కదులుతుంది. ఒక కుటుంబం ఆలస్యమైందని మిగతా అందరినీ ఆపి ఉంచరు, ఆ తరువాత ఇంకో లాంచీలో పంపడమూ ఉండదు. మీ ఆడపడుచుగారి విమానం శనివారం ఉదయం మధురపూడిలో దిగి, ఆవిడ సామాను తీసుకుని బయటికి వచ్చి, గండిపోచమ్మ చేరేసరికి లాంచీ దేవీపట్నం దాటిపోయి ఉండవచ్చు. ఆవిడ శుక్రవారమే రావాలి.

మూడోది, సాయంత్రం తిరిగి వచ్చాక రాత్రి బస్సులో భద్రాచలం అనుకోవడం. లాంచీ దిగి రాజమండ్రి చేరేసరికే చీకటి పడుతుంది. అక్కడి నుంచి భద్రాచలం మారేడుమిల్లి, చింతూరు మీదుగా సుమారు 190 కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు ఉంది. రోజంతా నీటి మీద ఎండలో ఉన్న పిల్లలను, పెద్దవారిని రాత్రి పూట ఆ మలుపులలో తిప్పడం నాకు ఎంతమాత్రం మంచిదనిపించడం లేదు.

పట్టాలపై | నవంబరు 6, మధ్యాహ్నం 1.05

రైళ్ల వైపు నుంచి కొన్ని మాటలు. గౌతమి రాజమండ్రి చేరేది తెల్లవారుజామున. డిసెంబరులో సూర్యోదయం దాదాపు ఆరున్నరకు అవుతుంది. అంటే మీరు గోదావరి మీది ఆర్చి వంతెనను చిమ్మచీకటిలో దాటుతారు. చాలామంది రాజమండ్రి ప్రయాణంలో గుర్తుపెట్టుకునేది ఆ వంతెన మీది కొన్ని నిమిషాలనే, పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి ఇది ముందే చెబుతున్నాను. పగటి రైలు కావాలంటే సికింద్రాబాదు నుంచి ఉదయం అయిదింటి ప్రాంతంలో బయలుదేరే వందే భారత్ ఉంది, జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఉంది. వందే భారత్‌కు వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది, అది మీ తేదీకి తగులుతుందేమో చూసుకోవాలి.

రాత్రి రైలు దిగి ఉదయం లాంచీ ఎక్కడంలో ఉన్న అసలు చిక్కు ఆలస్యం. రైలు మూడు గంటలు, అంతకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే టీడీఆర్ (డబ్బు వాపసు కోరే దరఖాస్తు) పెట్టుకుని రైలు టికెట్టు డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. అయితే రైలు రెండు గంటలు ఆలస్యమై, మీరు రాజమండ్రి చేరి, లాంచీ పోగొట్టుకుంటే రైల్వేకు దానితో సంబంధం లేదు. లాంచీ నడిపేవారికి మీ రైలుతో సంబంధం లేదు. వేర్వేరు వాహనాలకు విడివిడిగా టికెట్లు కొన్నప్పుడు మధ్యలో వచ్చే నష్టమంతా ప్రయాణికుడి మీదే పడుతుంది. అందుకే రోజుకు ఒక్కసారి మాత్రమే ఉన్న బండికి ముందు రాత్రి ఆ ఊళ్లోనే పడుకోవాలన్నది నేను ఎప్పుడూ చెప్పే మాట.

తిరుగు ప్రయాణానికి ఒక చిన్న సలహా. అత్తయ్యగారికీ మామయ్యగారికీ కలిపి విడిగా ఒక టికెట్టు తీసుకోండి. 60 ఏళ్లు దాటిన పురుషులకు, 45 ఏళ్లు దాటిన స్త్రీలకు ఉన్న కింది బెర్తుల కోటా ఆ టికెట్టుపై ఒకరు గానీ ఇద్దరు గానీ ఉన్నప్పుడే వర్తిస్తుంది. అందరి పేర్లూ ఒకే టికెట్టులో పెడితే ఆ కోటా అందదు. రెండు టికెట్లూ ఒకేసారి తీసుకుంటే చాలావరకు ఒకే బోగీలో, లేదా పక్క బోగీలో సర్దుకోవచ్చు.

సొంతబండి | నవంబరు 6, సాయంత్రం 6.30

ఇంతమంది పెద్దలు, పిల్లలు ఉన్నప్పుడు పెద్ద కారు ఒకటి మాట్లాడుకుని హైదరాబాదు నుంచే బయలుదేరితే ఈ అతుకులన్నీ తప్పుతాయని నా అభిప్రాయం. లాంచీ ఎక్కిన చోటుకే తిరిగి వస్తుంది కాబట్టి కారు రేవు దగ్గర వేచి ఉంటుంది. రైలు ఆలస్యం, ఆటో బేరం, సామాను మోత ఏవీ ఉండవు. అత్తయ్యగారు ఇంటి గుమ్మంలో ఎక్కి బస గుమ్మంలో దిగుతారు. లాంచీ రద్దయితే ఆ రోజు అంతర్వేది వైపో, మారేడుమిల్లి వైపో మళ్లిపోవచ్చు. సొంత చక్రాలు ఉన్నప్పుడు వచ్చే ఈ వెసులుబాటును తక్కువగా చూడకండి.

పట్టాలపై | నవంబరు 6, రాత్రి 8.10

సొంతబండిగారూ, రేవు దగ్గర కారు వేచి ఉండడం గురించి మీరు చెప్పినది సరైనదే. హైదరాబాదు నుంచి రాజమండ్రికి 400 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, రానూపోనూ ఆ దూరాన్ని కూర్చుని వెళ్లడం మోకాళ్ల నొప్పులున్నవారికి రైలులో కాళ్లు చాపుకుని పడుకున్నంత సుఖంగా ఉండదు. నా దృష్టిలో దూరాన్ని రైలుకు, రాజమండ్రి చుట్టుపక్కల తిరగడాన్ని అద్దె కారుకు వదిలేయడం మేలు.

భద్రాద్రి_వాసి | నవంబరు 7, ఉదయం 7.20

ఇంకో దారి కూడా ఉంది, దీనిని కూడా ఆలోచించండి. శుక్రవారం రాత్రి సికింద్రాబాదులో మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారేసరికి భద్రాచలం రోడ్ స్టేషనులో దిగవచ్చు. పేరు భద్రాచలం రోడ్ అయినా ఆ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి భద్రాచలానికి సుమారు 40 కిలోమీటర్లు బస్సులో రావాలి. మొదటిసారి వచ్చేవారు స్టేషను బయట గుడి గోపురం కనబడుతుందని అనుకుంటుంటారు. శనివారం దర్శనం, పర్ణశాల పూర్తి చేసుకుని, ఆదివారం ఉదయం కూనవరం, వి.ఆర్.పురం మీదుగా పోచవరం రేవుకు వెళ్లి అక్కడి లాంచీలో పేరంటాలపల్లి, పాపికొండలు చూసి తిరిగి రావచ్చు. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది, దారిలో ఆ సంగమం కూడా చూస్తారు. సాయంత్రానికి భద్రాచలం, రాత్రికి కొత్తగూడెం. బస ఒక్క ఊళ్లోనే, వెళ్లేదీ వచ్చేదీ ఒకే రైలు మార్గం. బండ్లు మారే చోట్లు సగానికి సగం తగ్గుతాయి.

బస్సుల గురించి ఒక మాట. తెలంగాణలో మహిళలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉన్న ఉచిత ప్రయాణం కొత్తగూడెం నుంచి భద్రాచలం వరకు మీ అత్తయ్యగారికీ మీకూ వర్తిస్తుంది, తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. 2014లో కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. కాబట్టి ఊరు దాటి పోచవరం వైపు కదిలితే ఆ ఉచితం ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం అక్కడి చిరునామా ఉన్న మహిళలకే వర్తిస్తుంది. అయినా పోచవరానికి బస్సు మీద ఆధారపడకండి, లాంచీ వేళకు చేరాలంటే వాహనం మాట్లాడుకోవడమే మంచిది.

మాధవి_మియాపూర్ | నవంబరు 7, ఉదయం 10.00

అందరికీ ధన్యవాదాలు. భద్రాద్రి_వాసిగారు చెప్పిన దారి చాలా తేలికగా ఉంది, అయితే మాకు రాజమండ్రిని వదులుకోవడానికి లేదు. మామయ్యగారి హైస్కూలు చదువు కొవ్వూరులో సాగింది. రైలు వంతెన మీద ఉండగా కిటికీలోంచి గోదావరిలో నాణెం వేయడం, పుష్కర ఘాట్‌లో స్నానం చేయడం ఆయన ఎంతో కాలంగా అనుకుంటున్నవి. ఆయన కోసమే ఈ ప్రయాణం మొదలైంది. భద్రాచలం అత్తయ్యగారి మొక్కు. పాపికొండలు పిల్లల కోసం. మూడింటిలో ఏదీ తీసివేయకుండా, అవసరమైతే ఒకటి రెండు రోజులు సెలవు పెట్టుకునైనా చేసుకోవాలని ఉంది.

పట్టాలపైగారు వంతెన చీకటిలో దాటుతామని చెప్పి ఎంతో మేలు చేశారు. వందే భారత్ కిటికీలు తెరుచుకోవు కదా, అప్పుడు జన్మభూమి తీసుకోవాలా?

లాంచీరేవు | నవంబరు 7, మధ్యాహ్నం 12.45

మాధవిగారూ, మా కుటుంబంలో రెండు తరాలవారు గోదావరి మీద లాంచీలు నడిపారు. నేను ఇప్పుడు ఆ పనిలో లేను గానీ రేవుతో సంబంధం తెగలేదు. మీ ప్రణాళికలో రైలునూ లాంచీనీ బస్సునూ ఒకే తీరుగా, వేళకు వచ్చి వేళకు పోయేవిగా లెక్క వేశారు. లాంచీ అలాంటిది కాదు. రైలు రద్దు కావడం అరుదు. బస్సు తప్పితే ఇంకో బస్సు ఉంటుంది. లాంచీని మాత్రం నది, గాలి, అధికారుల అనుమతి మూడూ కలిసి నడిపిస్తాయి. వీటిలో ఏ ఒక్కటి కాదన్నా ఆ రోజుకు ప్రయాణం లేదు. అందుచేత ముందు లాంచీ రోజును నిర్ణయించుకుని, దాని నుంచి వెనక్కీ ముందుకూ లెక్క వేసుకుంటూ మిగతావి అమర్చుకోవాలి. లాంచీ రద్దయినా తరువాతి టికెట్లు పాడు కాకుండా ఉండే చోట దానిని పెట్టాలి.

డిసెంబరు వరదల కాలం కాదు, అది మీకు అనుకూలం. జూలై నుంచి అక్టోబరు వరకు సాధారణంగా లాంచీలు ఆపివేస్తారు. పైన భద్రాచలం దగ్గర నీరు పెరిగితే ఆ నీరంతా దిగువన పాపికొండల ఇరుకులోకే రావాలి. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 2022 జూలైలో అక్కడ నీటిమట్టం 71 అడుగులు దాటింది. గండిపోచమ్మ గుడి వరదల రోజులలో నీటిలో మునిగిపోతుంటుంది, అదే మీరు ఎక్కే రేవు. డిసెంబరులో భయపడవలసినది తుపానులకే. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు లాంచీలు ఆపుతారు, రైళ్లు కూడా కొన్ని రద్దవుతాయి. కాబట్టి బయలుదేరే ముందు వారం రోజులూ వాతావరణ సూచన చూస్తూ ఉండండి.

భద్రత గురించి నేను మొహమాటం లేకుండా చెబుతాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది వరద ప్రవాహం ఎక్కువగా ఉన్న రోజున. ఆ ప్రమాదం తరువాతే రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టి, తనిఖీలు కట్టుదిట్టం చేశారు. ఎక్కగానే లైఫ్ జాకెట్ ఇస్తారు. ఫొటోల కోసమో ఉక్క కోసమో దానిని విప్పి పక్కన పెట్టుకునేవారిని చూస్తుంటాను. మీరు మాత్రం పిల్లల జాకెట్ పట్టీలు మీ చేతులతో మీరే బిగించండి, దిగేవరకు విప్పనివ్వకండి. పిల్లల కొలతవి ఉన్నాయా అని టికెట్టు తీసుకునేటప్పుడే అడగండి, లేవంటే ఇంకో బోటు చూసుకోండి. అనుమతి రాలేదని సిబ్బంది చెబితే వారితో వాదించవద్దు, వేరే చిన్న పడవ మాట్లాడతామని ఎవరైనా ముందుకొస్తే అసలే ఎక్కవద్దు.

అత్తయ్యగారి విషయం. పేరంటాలపల్లిలో దిగాక ఒడ్డు నుంచి గుడి వరకు నడిచి పైకి ఎక్కాలి. నీరు తగ్గే కొద్దీ ఒడ్డున ఎక్కవలసిన ఎత్తు పెరుగుతుంది. రేవులో లాంచీ ఎక్కేటప్పుడు ఒడ్డుకూ బోటుకూ మధ్య పలక వేస్తారు. ఇద్దరు చెరో వైపు పట్టుకుంటే ఆమె నింపాదిగా ఎక్కగలుగుతారు. పేరంటాలపల్లిలో కష్టం అనిపిస్తే లాంచీలోనే కూర్చోవచ్చు, అక్కడి నుంచి కూడా కొండలు చక్కగా కనబడతాయి. కొండల మధ్య సెల్‌ఫోను సంకేతాలు సరిగా అందవు. లాంచీ టికెట్టు, గుర్తింపు కార్డుల ప్రతులు కాగితంపై ఉంచుకోండి, కొంత నగదు కూడా దగ్గర పెట్టుకోండి.

ఇందూరు_సుధ | నవంబరు 7, సాయంత్రం 5.20

ఈ చర్చ మాకు కూడా ఉపయోగపడుతోంది. మేము నిజామాబాదు నుంచి ఇదే ప్రయాణం చేయాలనుకుంటున్నాము. మాకు ముందు కాచిగూడ వరకు ఒక రైలు, తరువాత సికింద్రాబాదు నుంచి రాజమండ్రికి ఇంకో రైలు. మొదటి రైలు ఆలస్యమై రెండోది వెళ్లిపోతే డబ్బు పోయినట్టేనా? రెండు టికెట్లను కలిపే వీలు ఉందని విన్నాను.

పట్టాలపై | నవంబరు 7, రాత్రి 7.45

ఉంది, సుధగారూ. 2019 ఏప్రిల్ 1 నుంచి రెండు పీఎన్‌ఆర్‌లను (టికెట్టుపై ఉండే నంబర్లను) అనుసంధానం చేసే సౌకర్యం వచ్చింది. ఐఆర్‌సీటీసీలో రెండో టికెట్టు తీసుకునేటప్పుడు మొదటి దాని పీఎన్‌ఆర్ ఇవ్వాలి. రెండింటిలోనూ ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి. మొదటి రైలు దిగే స్టేషను, రెండో రైలు ఎక్కే స్టేషను ఒకటే అయి ఉండాలి, లేదా రైల్వే ఒకే సమూహంగా గుర్తించిన స్టేషన్లయి ఉండాలి. కాచిగూడ, సికింద్రాబాదు జంట మీ టికెట్టుకు అంగీకరిస్తుందో లేదో బుక్ చేసేటప్పుడే తెలిసిపోతుంది. అంగీకరించకపోతే మొదటి టికెట్టును సికింద్రాబాదు వరకు ఉన్న రైలులో తీసుకోండి. మొదటి రైలు ఆలస్యం వల్ల రెండోది తప్పితే, మొదటి రైలు వాస్తవంగా చేరిన 3 గంటల లోపల టీడీఆర్ పెట్టుకుంటే, వెళ్లని భాగానికి కోత లేకుండా డబ్బు వస్తుంది.

ఇది రెండు రైళ్ల మధ్యనే వర్తిస్తుంది. రైలుకూ విమానానికీ, రైలుకూ బస్సుకూ, రైలుకూ లాంచీకీ మధ్య ఇలాంటి రక్షణ లేదు. పైగా డబ్బు వెనక్కి వచ్చినంత మాత్రాన ఆ రాత్రికి వేరే రైలులో చోటు దొరకదు కాబట్టి మధ్యలో కనీసం మూడు గంటలు ఉంచుకోండి. ఖరారైన తత్కాల్ టికెట్టు రద్దు చేసుకుంటే డబ్బు రాదు. లాంచీ జరగకపోతే మార్చుకోవలసి వచ్చే తిరుగు టికెట్టును తత్కాల్‌లో తీసుకోకుండా, ముందుగానే మామూలుగా తీసుకోవడం మేలు. 2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషను గడువు 60 రోజులే కాబట్టి డిసెంబరు టికెట్లు ఇప్పటికే అందుబాటులో ఉన్నాయి.

మాధవిగారూ, నాణెం కోసం జన్మభూమిలో కిటికీలు తెరుచుకునే రెండో తరగతి సీట్లు ఉన్నాయి. అయితే మామయ్యగారు అంతదూరం ఆ సీటులో కూర్చోగలరా అన్నది మీరు చూసుకోవాలి.

నల్లమల_నీలిమ | నవంబరు 8, ఉదయం 8.35

ఒక హెచ్చరిక చెప్పాలనిపించింది. రాజమండ్రి వైపు ఎక్కి భద్రాచలం వైపు దిగే ఒకవైపు లాంచీ ప్రయాణం ఉందని కొందరు ఏజెంట్లు చెబుతారు. మాకు అలాగే చెప్పి డబ్బు తీసుకున్నారు, సామానంతా లాంచీలో పెట్టించారు, పేరంటాలపల్లిలో దింపి అవతలి బోటు వస్తుందన్నారు. ఆ బోటు రాలేదు. మమ్మల్ని అదే లాంచీలో వెనక్కి తీసుకొచ్చారు, భద్రాచలంలో కట్టిన గది అద్దె పోయింది. రెండు వైపుల లాంచీలూ ఎక్కువగా ఎక్కిన రేవుకే తిరిగి వస్తాయి. ఒకవైపు ప్రయాణం అన్నవారిని ఏ రేవులో దించుతారో, అక్కడి నుంచి రోడ్డు దాకా ఎవరు తీసుకువెళతారో రాతపూర్వకంగా అడగండి. రాసి ఇవ్వకపోతే రానూపోనూ టికెట్టే తీసుకోండి.

మాధవి_మియాపూర్ | నవంబరు 8, మధ్యాహ్నం 2.10

అందరి సలహాలూ దగ్గర పెట్టుకుని ఇంట్లో కూర్చుని మళ్లీ రాసుకున్నాము. శుక్రవారం, సోమవారం సెలవు పెడుతున్నాము.

శుక్రవారం ఉదయం పగటి రైలులో బయలుదేరి వెలుతురు ఉండగానే రాజమండ్రి చేరతాము. ఆడపడుచు కూడా శుక్రవారం సాయంత్రానికే దిగుతుంది. రాత్రి రాజమండ్రిలో బస. శనివారం తెల్లవారకముందే మాట్లాడుకున్న వాహనంలో గండిపోచమ్మ, అక్కడ లాంచీ, సాయంత్రానికి మళ్లీ రాజమండ్రి. ఆదివారం ఉదయం ఆడపడుచు విమానానికి వెళుతుంది, మేము కొవ్వూరు, జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట మీదుగా కారులో భద్రాచలం వెళతాము. సాయంత్రం దర్శనం, రాత్రి బస. సోమవారం పర్ణశాల చూసి, రాత్రి కొత్తగూడెంలో మణుగూరు ఎక్స్‌ప్రెస్.

శనివారం లాంచీ నడవకపోతే ఆదివారం వెళతాము. అప్పుడు భద్రాచలం ప్రయాణం సోమవారానికి జరుగుతుంది, పర్ణశాల మానుకుంటాము. తిరుగు రైలు టికెట్టు మాత్రం ఏ మార్పూ లేకుండా అలాగే పనికివస్తుంది. భద్రాచలంలో ఆదివారం గదిని, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇచ్చే చోటనే తీసుకుంటాము. పిల్లల కోసం పర్ణశాల చూపించాలని ఉన్నా, మూడు ముఖ్యమైనవి నిలవాలంటే వదులుకోదగినది ఒకటి చివర్లో ఉండాలని లాంచీరేవుగారి మాటల వల్ల అర్థమైంది. ఇంకా మిగిలిపోయినది నాణెం సంగతి. మావారు అందరికీ వందే భారత్ అంటున్నారు, మామయ్యగారేమో కిటికీ తెరవని రైలు నాకెందుకు అంటున్నారు.

కోటగుమ్మం | నవంబరు 8, సాయంత్రం 4.00

ఇప్పుడు చక్కగా కుదిరింది. మామయ్యగారి నాణెం కోసం హైదరాబాదు నుంచే రైలు మార్చుకోనక్కరలేదు. అందరూ సుఖంగా ఉండే రైలులోనే రండి. శుక్రవారం మధ్యాహ్నం బసలో సామాను దింపి, రాజమండ్రిలో ప్యాసింజరు రైలు ఏదైనా ఎక్కి కొవ్వూరులో దిగండి. రాజమండ్రి తరువాత గోదావరి స్టేషను, దాని వెంటనే వంతెన, వంతెన దాటగానే కొవ్వూరు. కిటికీలు తెరిచే ఉంటాయి, జనం పలుచగా ఉన్న వేళ చూసుకుంటే మామయ్యగారు కిటికీ పక్కన తీరిగ్గా కూర్చుని నాణెం వేయవచ్చు. పక్కనే 1900లో ప్రారంభమై 1997 దాకా రైళ్లను మోసిన హేవలాక్ వంతెన స్తంభాలు పిల్లలకు చూపించండి. మీరు దాటుతున్నది 1997 నాటి ఆర్చి వంతెనా, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెనా అని వారినే కనిపెట్టమనండి, కిటికీ పక్కగా కమానులు సాగితే ఆర్చి వంతెన, తలపైన రోడ్డు కప్పులా ఉంటే రెండోది. కొవ్వూరులో ఆయన చదివిన బడి చూసుకుని, తిరుగుదారిలో ఆటోలోనో బస్సులోనో రోడ్డు వంతెన మీదుగా రండి. సూర్యాస్తమయం వేళ అయితే ఇంకా బాగుంటుంది. డిసెంబరులో అయిదున్నర దాటితే వెలుతురు తగ్గిపోతుంది, కాబట్టి కొవ్వూరు రైలు నాలుగింటి లోపలిది ఎంచుకోండి.

పుష్కర ఘాట్ స్నానం శనివారం తెల్లవారుజామున పెట్టుకోవద్దు, లాంచీ హడావిడిలో అది జరగదు. ఆదివారం ఉదయం భద్రాచలం బయలుదేరే ముందు చేయించండి. ఘాట్ మెట్లు నీటి దగ్గర పాచి పట్టి ఉంటాయి. అత్తయ్యగారిని పై మెట్టు మీదే కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి పోస్తే సరిపోతుంది.

సామాను గురించి. శనివారం లాంచీలోకి పెద్ద పెట్టెలు తీసుకువెళ్లకండి. బస రెండు రాత్రులూ ఒకే చోట తీసుకుంటే పెట్టెలు గదిలోనే ఉంటాయి. స్టేషను దగ్గరే ఉండాలనుకుంటే రైలు టికెట్టు పీఎన్‌ఆర్ మీద రిటైరింగ్ రూములు ఐఆర్‌సీటీసీలో చూడవచ్చు, క్లోక్ రూములో కూడా తాళం వేసిన పెట్టెలను తీసుకుంటారు.

సొంతబండి | నవంబరు 8, సాయంత్రం 6.15

కొవ్వూరు ప్యాసింజరు ఆలోచన నాకు ఎంతో నచ్చింది. ఆదివారం కారు విషయంలో ఒక సూచన చేస్తాను. శనివారం రేవుకు వచ్చిన డ్రైవరునే ఆదివారం భద్రాచలానికి కూడా మాట్లాడుకోండి, శనివారం లాంచీ ఆగితే రోజు మార్చడానికి ఒకే మనిషితో మాట్లాడితే సరిపోతుంది. తిరుగు కిరాయి ఎవరిదో, రాష్ట్ర సరిహద్దు దాటేటప్పుడు పర్మిటు ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి, చివరి నిమిషంలో పేచీలు ఎక్కువగా అక్కడే వస్తాయి.

భద్రాద్రి_వాసి | నవంబరు 9, ఉదయం 7.05

సోమవారం రాత్రి గురించి. మణుగూరు నుంచి వచ్చే రైలు కొత్తగూడెం చేరేది రాత్రి బాగా పొద్దుపోయాక. అంతవరకు ఆగుదాం అని భద్రాచలంలో చివరి బస్సు కోసం చూడకండి. రాత్రి భోజనం కాస్త ముందుగా ముగించుకుని, ఎనిమిదింటికల్లా బయలుదేరితే పిల్లలు నిద్రపోకముందే స్టేషను చేరతారు. ఆ రైలు మణుగూరు నుంచి కూడా ఎక్కవచ్చు గానీ, మీ సామానుతో, పెద్దవారితో కొత్తగూడెమే సులువు. టికెట్టులో ఎక్కే స్టేషను పేరు భద్రాచలం రోడ్ అని ఉంటుంది, అత్తయ్యగారికి ముందే చెప్పండి, లేకపోతే భద్రాచలం వదిలి ఎక్కడికో తీసుకుపోతున్నారని కంగారు పడతారు.

లాంచీ ఆదివారానికి మారి మీరు సోమవారం వచ్చేటట్టయితే, భద్రాచలం మధ్యాహ్నం లోపు చేరండి. మధ్యాహ్నం విరామానికి గుడి మూసి సాయంత్రం తెరుస్తారు, దర్శనం వేళలు ముందు రోజే దేవస్థానంవారిని అడిగి తెలుసుకోండి. అత్తయ్యగారి మొక్కు కల్యాణం చేయించడం అయితే దానికి ఉదయమే రావాలి, అలాంటప్పుడు ఆదివారం లాంచీ దిగిన రాత్రే బయలుదేరాలని తొందరపడకుండా మొక్కును ఇంకో రూపంలో తీర్చుకోమని ఆవిడతో ముందుగానే మాట్లాడి ఉంచండి.

మాధవి_మియాపూర్ | నవంబరు 9, రాత్రి 9.30

తిరుగు రైలు టికెట్లు ఈ రోజు తీసుకున్నాము, పెద్దవారిద్దరికీ విడి టికెట్టు మీద రెండు కింది బెర్తులూ వచ్చాయి. అత్తయ్యగారితో మాట్లాడాను. మొక్కు తలనీలాలదే కాబట్టి వేళల ఇబ్బంది లేదన్నారు. పిల్లల జాకెట్ల కొలత గురించి లాంచీవారికి ఫోను చేసి అడిగాను, ఉన్నాయన్నారు, రేవులో చూశాకే ఎక్కుతాము. సుధగారూ, మీరు కూడా అదే శనివారానికి వస్తున్నట్టయితే చెప్పండి, గండిపోచమ్మకు ఒకే వాహనం మాట్లాడుకోవచ్చు.